బెల్టు బిగిస్తే సరిపోతుందా?

కోహెడలో బండెక్కితే ఎల్బీనగర్ ఎంతో దూరం కాదు. అవుటర్ రింగురోడ్డు పక్క ఊళ్లకు భూముల ధరలు ఎలా దగ్గరికొచ్చాయో, పెద్ద ఆసుపత్రులూ అలాగే దగ్గరికొచ్చాయి. గుండె, కిడ్నీ, మోకాలి చిప్ప బోర్డుల పక్కన ఇప్పుడు మరో బోర్డు కనిపిస్తుంది. ‘బరువు తగ్గించే ఆపరేషను. కోత లేదు, కుట్టు లేదు, మూడు రోజుల్లో ఇంటికి!’ బొమ్మలో ఎడమ పక్క లావుపాటి అమ్మాయి, కుడి పక్క అదే అమ్మాయి సన్నగా. మధ్యలో గడిచిన కాలం గురించి మాత్రం బొమ్మలో ఏమీ ఉండదు. ఆ కాలమంతా ఆమె చీర కింద, చుడీదారు కింద ఒక బెల్టు ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా కట్టుకునే బెల్టు.

ఇవాళ చెప్పుకోవాల్సింది ఆ బెల్టు గురించే. చిన్న విషయమే అనిపించవచ్చు. కానీ దాని చుట్టూ ఎన్ని అపోహలు, ఎంత ఖర్చు, ఎంత నిర్లక్ష్యం అల్లుకుని ఉన్నాయో చూస్తే అంత చిన్నదేమీ కాదని తెలుస్తుంది.

ముందు ఈ ఆపరేషను మన దాకా ఎందుకు వచ్చిందో చూద్దాం. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 30.1 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36.3 శాతం. దేశం మొత్తం మీద 24 శాతం. అంటే ఈ విషయంలో మన రెండు రాష్ట్రాలూ దేశం కన్నా ముందున్నాయి! దేశంలో 2022 నాటికి ఊబకాయం ఉన్న ఆడవాళ్లు 4.4 కోట్లు, మగవాళ్లు 2.6 కోట్లు అని 2024లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో వంటనూనె పదిశాతం తగ్గించమని చెప్పింది ఈ నేపథ్యంలోనే. నూనె తగ్గించాల్సింది ఎవరయ్యా అంటే మళ్లీ వంటింట్లో ఉన్న మనమే. పకోడీలు అడిగేవాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

డబ్బున్నవాళ్ల ముచ్చటగా మొదలైన ఈ ఆపరేషను సర్కారు దవాఖానా దాకా కూడా వచ్చింది. రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి ఉస్మానియా ఆసుపత్రి డాక్టర్లు పొట్ట తగ్గించే ఆపరేషను చేసిన సంగతి 2022 డిసెంబరులో పత్రికల్లో వచ్చింది. ఎక్కువగా చేసేది ‘స్లీవ్’ ఆపరేషను. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండులాంటి గొట్టంగా మిగుల్చుతారు. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లే కనిపిస్తాయి. లోపల జరిగింది మాత్రం చిన్నది కాదు. ‘కోత లేదు’ అన్న ప్రకటన ఇక్కడే మనల్ని మోసం చేస్తుంది.

సరే, బెల్టు సంగతికొద్దాం. మన అమ్మమ్మలకు ఇది కొత్త కాదు. కాన్పు కాగానే పాత నూలు చీర చింపి, బాలింత పొట్ట చుట్టూ బిగించి కట్టేవాళ్లు. ‘పొట్ట జారిపోకుండా’ అని చెప్పేవాళ్లు. నడుముకు ఆసరా, లేచి కూర్చోవడానికి కాస్త ధైర్యం. అందులో సుగుణం లేకపోలేదు. ఆ చీర ముక్క స్థానంలో ఇప్పుడు మందుల షాపులో దొరికే ఎలాస్టిక్ బెల్టు వచ్చింది. సిజేరియన్ అయినా, గర్భసంచి తీసేసినా, హెర్నియా అయినా, బరువు ఆపరేషను అయినా అందరికీ అదే బెల్టు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని అదే సర్వే లెక్క. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం! ఇక బెల్టు లేని ఇల్లెక్కడ? వదినకు కొన్న బెల్టు మరదలికి, అక్కకు కొన్నది చెల్లెలికి. ఇంటింటా ఒక బెల్టు చేతులు మారుతూనే ఉంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ ఆపరేషన్లన్నీ ఒకటి కాదు, బెల్టు పనీ ఒకటి కాదు.

చిన్న గాట్లతో చేసే బరువు ఆపరేషను తర్వాత బెల్టు తప్పనిసరేం కాదు. కొందరు సర్జన్లు పెట్టుకోమంటారు, కొందరు అక్కర్లేదంటారు. పెట్టుకుంటే మొదటి కొద్దిరోజులు దగ్గినప్పుడు, మంచం మీంచి లేచినప్పుడు, నడిచేటప్పుడు నొప్పి కాస్త తక్కువ అనిపిస్తుంది. పెద్ద కోత పడిన ఆపరేషన్ల తర్వాత బెల్టు కట్టుకున్నవాళ్లు త్వరగా లేచి నడుస్తున్నారని కొన్ని పరిశీలనల్లో తేలింది. లేచి నడవడమే ఇక్కడ అసలు మందు. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. బెల్టు పెట్టుకుని నడవడానికి ధైర్యం వస్తే మంచిదే. బెల్టు పెట్టుకుని మంచం మీదే పడుకుంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

బెల్టు కడితే హెర్నియా రాదన్నది రుజువు కాని మాట. బెల్టు కడితే కొవ్వు కరుగుతుందన్నది ఉత్తమాట. విప్పగానే నడుము కొలత రెండంగుళాలు తగ్గి కనిపించవచ్చు. అది మెత్తటి దిండును తాడుతో కట్టి విప్పితే కాసేపు మిగిలే నొక్కులాంటిది. సాయంత్రానికి మళ్లీ మామూలే.

కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్, వేలాడే పొట్ట చర్మాన్ని కోసి కుట్టే ఆపరేషన్ల సంగతి వేరు. అక్కడ చర్మానికీ కండకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. అందులో నీరు చేరుతుంది. వాపు తగ్గడానికి, చర్మం కండకు అతుక్కోవడానికి ఒంటిని అంటిపెట్టుకుని ఉండే ప్రత్యేకమైన బిగుతు దుస్తులు ఇస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, మొదట్లో రాత్రీ పగలూ. స్నానానికి మాత్రమే విప్పమంటారు. దీన్ని సొంత తెలివితో మానేయకూడదు. ఇంకా బిగిస్తే ఇంకా మంచిదని సొంత తెలివితో బిగించకూడదు కూడా. బిగుతు మరీ ఎక్కువైతే కడుపులో ఒత్తిడి పెరిగి, తొడల నుంచి పైకి రావాల్సిన రక్తం నెమ్మదిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి అంతకన్నా అనువైన సమయం మరొకటి లేదు.

కాళ్లకు తొడిగే బిగుతు మేజోళ్లు మూడో రకం. అవి రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఇచ్చేవి. పొట్ట బెల్టుకూ వాటికీ సంబంధం లేదు. ‘బెల్టు ఉంది కదా, ఇవెందుకు, ఉక్కపోత’ అని మేజోళ్లు తీసి పక్కన పడేసేవాళ్లున్నారు. డాక్టరు రాసింది ఏదో, ఎందుకో, ఎన్నాళ్లో డిశ్చార్జి రోజే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ‘బెల్టు వాడండి’ అన్న ఒక్క ముక్క సరిపోదు.

గాటు చిన్నది, జాగ్రత్త పెద్దది

కోహెడ ఉన్న ఈ ఇబ్రహీంపట్నం ప్రాంతానికి ‘చిన్న గాటు’ ఆపరేషన్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలు పెట్టి, గొట్టం పంపి చేసే ఆపరేషను. అయిపోగానే ఇళ్లకు పంపేశారు. తర్వాతి రోజుల్లో వాంతులు, విరేచనాలు, నీరసం. కొద్దిరోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలిన 30 మందిని హడావుడిగా హైదరాబాదుకు తీసుకొచ్చి నిమ్స్, అపోలో ఆసుపత్రుల్లో చేర్పించి కాపాడుకోవాల్సి వచ్చింది. విచారణలు, సస్పెన్షన్లు, పరిహారాలు అన్నీ జరిగాయి. పసిపిల్లలకు తల్లులు తిరిగిరాలేదు.

అది బరువు ఆపరేషను కాదు కదా, ఇక్కడెందుకు అంటారేమో. పొట్టలోకి గొట్టం పంపే పద్ధతి ఒకటే. గాటు చిన్నది కాబట్టి ఆపరేషనూ చిన్నదే అనుకోవడమూ ఒకటే. ఇంటికెళ్లాక ఆమెను ఎవరు చూస్తారు, ఏ లక్షణం కనబడితే ఎవరికి ఫోను చేయాలి అన్న ఏర్పాటు లేకపోవడమూ ఒకటే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. ఆ గడువు ముగిసిన మూడేళ్లకు ఇబ్రహీంపట్నంలో ఈ ఘోరం!

పేదింటి ఆడదానికి సర్కారు శిబిరంలో జరిగింది, డబ్బు కట్టే ఆడదానికి కార్పొరేట్ గదిలో జరగదని భరోసా ఏమీ లేదు. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన 26 ఏళ్ల యువకుడు చెన్నై శివారులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బరువు ఆపరేషనుకని వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో మనందరికీ దగ్గరైన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూసేనాటికి ఆమెకు 31 ఏళ్లు. కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని, ఆ తర్వాత శ్వాస ఇబ్బంది పడ్డారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇవి చెప్పి భయపెట్టడం ఉద్దేశం కాదు. అవసరమున్న మనిషికి, మంచి చేతుల్లో, బరువు ఆపరేషను షుగరును, బీపీని, మోకాళ్ల నొప్పులను, నిద్రలో ఊపిరాడని బాధను ఎంతో తగ్గిస్తుంది. అందులో అనుమానం లేదు. కానీ ఆపరేషను బల్ల దిగిన తర్వాతి నెల రోజులు కూడా ఆపరేషనులో భాగమే అన్న సంగతి మన ఇళ్లలో ఇంకా ఎక్కలేదు.

బెల్టు చేసే అసలు హాని ఇక్కడుంది. ఆయాసం వస్తే ‘బెల్టు బిగుతైంది’ అనుకుంటాం. కడుపులో నొప్పి వస్తే ‘బెల్టు ఒత్తుకుంటోంది’ అనుకుంటాం. ఎడమ భుజం లాగితే ‘పడక కుదరలేదు’ అనుకుంటాం. స్లీవ్ ఆపరేషనులో కుట్టిన చోట లీకైతే కనబడే లక్షణాలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. కడుపునొప్పి, భుజం నొప్పి, జ్వరం, అన్నిటికన్నా ముందు గుండెదడ. కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు. ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా అంతే. బెల్టు విప్పి అయిదు నిమిషాలు చూడండి. తగ్గకపోతే అది బెల్టు తప్పు కాదు, ఆసుపత్రికి బయలుదేరాల్సిందే. బెల్టు కింద గాటు ఎర్రబడినా, చీము పట్టినా పైకి కనిపించదు. రోజుకు రెండుసార్లు విప్పి, అద్దంలోనో, ఇంట్లో మరొకరి చేతో గాట్లు చూసుకోవాలి.

చూసేవాళ్లెవరన్నదే ప్రశ్న. మనలో చాలామంది ఈ ఆపరేషను అత్తవారింట్లో చెప్పకుండా, ‘హెర్నియా’ అనో ‘గాల్‌బ్లాడర్లో రాళ్లు’ అనో చెప్పి చేయించుకుంటున్నారు. లావుగా ఉంటే ఒక మాట, తగ్గించుకుంటే ఇంకో మాట అనే లోకం కదా! ‘పైసలు పెట్టి కడుపు కోయించుకున్నదట’ అనే మాట పడలేక బెల్టును కూడా దాచుకుంటారు. తడి బెల్టు తీగ మీద ఆరేస్తే అందరికీ కనబడుతుందని గదిలోనే మూల ఆరేస్తారు. అది సరిగా ఆరదు. అదే మళ్లీ కట్టుకుంటారు. చెమటకాయలు, తామర మొదలవుతాయి. దానికి మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు అడిగి తెచ్చుకుంటే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, తామర రెండింతలు పాకుతుంది. మొండి తామరతో చర్మ డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలా ట్యూబులు పూసుకున్నవాళ్లు ఎందరో!

కట్టుకోవడంలో కూడా తెలియాల్సినవి ఉన్నాయి. బెల్టు సైజు ఆపరేషనుకు ముందు కొలతతో కొనకండి. ఆపరేషను తర్వాత బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిచి కొనాలి. వారాలు గడిచేకొద్దీ ఒళ్లు తగ్గుతుంది కాబట్టి ఒకే బెల్టు చివరిదాకా పనికిరాదు. వదులైన బెల్టు పైకి మడతపడి ఒరుసుకుంటుంది. వెల్లకిలా పడుకుని, కింది నుంచి పైకి పట్టీ వేసుకోవాలి. లోపల పలచటి నూలు బనియను ఉండాలి. కట్టుకున్నాక రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. నిండా ఊపిరి పీల్చగలగాలి. తినేటప్పుడు, తాగేటప్పుడు వదులు చేయండి. స్లీవ్ తర్వాత పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట వచ్చే గుణం అసలే ఎక్కువ, బిగుతు బెల్టు ఆ మంటను ఇంకా పెంచుతుంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మామూలు పొట్ట బెల్టుతో నిద్రపోనక్కర్లేదు. రెండు బెల్టులుంటే ఒకటి ఉతికి ఎండలో ఆరేయవచ్చు. ఎండలోనే! ఎవరేమనుకున్నా సరే.

అన్నిటికన్నా పెద్ద అపోహ, బెల్టు కట్టుకుంటే బరువులెత్తవచ్చని. నాలుగు నుంచి ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు మించి ఎత్తొద్దంటారు డాక్టర్లు. మన ఇళ్లలో నాలుగు కిలోలు దాటని వస్తువేముంది చెప్పండి? నీళ్ల బిందె పదిహేను కిలోలు. గ్యాసు సిలిండరు లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్ఫై దాకా. బియ్యం బస్తా పాతిక. ఏడాది నిండిన పిల్ల తొమ్మిది కిలోలు, అదీ ‘ఎత్తుకో’ అని ఏడుస్తూ. పొలం పనికో, పండ్ల మార్కెట్టులో డబ్బాలు మోయడానికో వెళ్లే ఆడమనిషి సంగతి ఇక చెప్పేదేముంది? 2020 వేసవిలో కరోనా కారణంగా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును కోహెడకు తరలించినప్పుడు, మే నెల గాలివానకు షెడ్లు కూలి పలువురు దెబ్బలు తిన్న సంగతి ఈ ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. కూలి చేసుకునేవాళ్లకు గాయం మానేదాకా ఇంట్లో కూర్చునే వీలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ‘ఆరు వారాలు విశ్రాంతి’ అని రాసిచ్చే డాక్టరు ఆ ఆరు వారాల కూలి ఎవరిస్తారో రాయడు. ఇంట్లో మగవాళ్లు, పిల్లలు ఆ ఆరు వారాలకు పని పంచుకునే ఒప్పందం ఆపరేషనుకు తేదీ తీసుకోకముందే జరగాలి. డబ్బు సర్దుబాటు గురించి నెలరోజులు మాట్లాడుకునే ఇంట్లో బిందె ఎవరు ఎత్తాలన్నది పది నిమిషాలు మాట్లాడుకోలేమా?

వేలాడే చర్మం, చెల్లించని బీమా

నెలలు గడుస్తాయి. ముప్ఫై, నలభై కిలోలు తగ్గుతారు. అప్పుడు మరో సమస్య. లోపలి కొవ్వు పోయినంత త్వరగా పైచర్మం ముడుచుకోదు. పొట్ట, చేతులు, తొడల దగ్గర సంచుల్లా వేలాడుతుంది. ఇప్పుడు ఆపరేషను లేకుండా ఇంజక్షన్లతో తగ్గేవాళ్లకూ ఇదే ఎదురవుతోంది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాక ఆ మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. ఇక్కడ బిగుతు దుస్తులు నిజంగా ఉపయోగపడతాయి. చర్మాన్ని బిగించవు, ఆ భ్రమ వద్దు. మడతల్ని ఎత్తిపట్టి ఒరుపు తగ్గిస్తాయి, నడుస్తుంటే చర్మం ఊగకుండా ఆపుతాయి. నలుగురిలోకి వెళ్లడానికి కాస్త నిబ్బరం. చర్మం కోసి కుట్టే ఆపరేషను కావాలంటే బరువు నిలకడగా ఆగేదాకా, మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర, ఆగమంటారు. గర్భం కూడా ఆ గడువులో వద్దంటారు. ఈలోగా మాంసకృత్తులు, బి12, ఐరన్ తక్కువైతే గాయాలూ సరిగా మానవు, జుట్టూ ఊడుతుంది. బెల్టుకు వేలు పోసి గుడ్డుకు, పప్పుకు వెనకాడితే ఎలా?

ఇక డబ్బు. ఆరోగ్య బీమా పాలసీల్లో బరువు ఆపరేషనుకు షరతులున్నాయి. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన పదాల ప్రకారం డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 దాటాలి, ఎత్తుకు బరువు లెక్క కట్టే బీఎంఐ 40 దాటాలి, లేదా షుగరు, గుండె జబ్బులాంటి తీవ్రమైన తోడు రోగాలుంటే 35 దాటాలి. డాక్టర్ల సంఘాలేమో మన ఆసియావాళ్లకు ఇంతకన్నా తక్కువ బీఎంఐకే జబ్బులొస్తాయని, హద్దు దించాలని 2022లోనే చెప్పాయి. పాలసీ కాగితం మాత్రం పాత హద్దు దగ్గరే ఆగింది. కాబట్టి ఆపరేషను మంచిదని డాక్టరు అన్నా, బీమా కంపెనీ కాదనే అవకాశం ఉంది. తేదీ తీసుకోకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషనుకు చెల్లించినా బెల్టుకు చెల్లించరు. పాలసీ వెనక పేజీల్లో, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో, ‘చెల్లించని వస్తువులు’ అని ఒక పట్టిక ఉంటుంది. దువ్వెన, దూది పుల్లలు, థర్మామీటరు... వాటి మధ్యనే అబ్డామినల్ బైండర్ కూడా. అదే మన పొట్ట బెల్టు. డిశ్చార్జి బిల్లులో ‘ఇవి మీరే కట్టాలి’ అని విడిగా వచ్చే మొత్తంలో ఇదీ ఒకటి. ఆసుపత్రి కౌంటర్లో కొనడం తప్పనిసరా అని అడగండి, బయట షాపులో ధర చూసి కొనుక్కోవచ్చు. అదనపు ప్రీమియంతో ఇలాంటి వాడకపు సరుకులకు కూడా చెల్లించే పాలసీలు కొన్ని ఉన్నాయి.

అసలు దెబ్బ చివర్లో ఉంది. వేలాడే చర్మం తీసే ఆపరేషనును బీమా ‘అందం కోసం’ చేయించుకునేదాని కింద రాసి తోసిపుచ్చుతుంది. పొట్ట మడతల కింద నెలల తరబడి పుండ్లు పడి, చీర కట్టుకోలేక, వంగి పని చేయలేక అవస్థ పడే మనిషికి అందం సంగతి ఎక్కడ గుర్తుంటుంది? ఆ నిబంధనలోనే ఒక చిన్న తలుపు ఉంది. ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ముప్పు ఉందని వైద్యం చేసే డాక్టరు ధ్రువీకరిస్తే వైద్య అవసరంగా పరిగణించాలి. అందుకని పుండు పడిన ప్రతిసారీ ఇంట్లో పొడి చల్లుకుని ఊరుకోకుండా చర్మ డాక్టరుకు చూపించి, తేదీతో చీటీ రాయించుకోండి. వాడిన మందుల బిల్లులు దాచండి. అడగడానికి ఇబ్బందిగా ఉన్నా ఫొటోలు తీయించి డాక్టరు ఫైల్లో పెట్టించండి. ఏడాది తర్వాత క్లెయిము పెట్టే రోజున బీమా కంపెనీ మొట్టమొదట అడిగేది ఆ కాగితాలనే.